గురుమా కట్టని గజ్జెలు

ఒడిశాలో మా గంజాం జిల్లా వాళ్ళకి తుఫాన్లు కొత్త కాదు. ఏడాదికి ఒకటో రెండో వస్తాయి, పేరు పెట్టుకుని మరీ వస్తాయి. ఆ పేర్లు పెట్టేవాళ్ళు ఎక్కడో పెద్ద పెద్ద ఆఫీసుల్లో ఉంటారట. కానీ ఒక్క తుఫానుకి మాత్రం కొడల ఊరివాళ్ళు స్వయంగా కూర్చుని పేరు పెట్టారు. ఆ రోజు సముద్రంలో అల్పపీడనం లేదు, ఆకాశంలో మబ్బుతునక లేదు, రేడియోలో హెచ్చరిక లేదు. ఉన్నదల్లా నేను. ఆ తుఫాను పేరు గోపాలం తుఫాను. గోపాలం అంటే నేనే.

ఇది జరిగి పదేళ్ళయింది. ఇప్పటికీ నేను కొడల బస్టాండులో దిగితే, అక్కడి టీ కొట్టాయన ముందు తన ఆవుని కట్టేసుకుని, ఆ తరవాతే నాకు టీ పోస్తాడు. అంతటి ఘనకార్యం ఎలా చేశానో ఇవాళ మీకు చెప్పేస్తాను. అబద్ధాలు కలపను. కలిపినా ఒకటీ అరా, తాలింపుకి.

బరంపురం పాత బజారులో మాది ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. మా తాత పెట్టాడు, మా నాన్న నడిపాడు, నేను అందులో కూర్చున్నాను. అప్పటికి నా వయసు ముప్పై ఎనిమిది. నడుము కొలత వయసుని దాటి నాలుగు అంకెలు ముందుండేది. రోజంతా కూర్చోవడం, వచ్చిన వాళ్ళకి కథలు చెప్పడం, మధ్యలో ఎవరైనా గిన్నె కావాలంటే చూపించడం, ఇదీ నా జీవితం. హాయిగా సాగిపోతోంది.

అలాంటి సమయంలో మా కొట్టు మీది మేడలోకి ఒక డాన్సు స్కూలు దిగింది.

మొదటి రోజు పైన నలభై కాళ్ళు ఒక్కసారి నేలని తొక్కాయి. కింద నా కొట్టులో గ్లాసులు కూనిరాగం తీశాయి. పళ్ళేలు పళ్ళు కొరికాయి. మూలనున్న పెద్ద అండా, పెళ్ళివారి పప్పు ఉడికే రకం, కడుపులోంచి మూలిగింది. రెండో రోజు పళ్ళేలు మూడు అరమీదనుంచి దూకేశాయి. మూడో రోజు మా ఆవిడ సావిత్రి పొద్దుటి టిఫిను పట్టుకుని కొట్టుకొచ్చి, ఆ మోత విని, "సూస్తా కూకుంటారేటి? ఎల్లి అడగండి" అంది. నేను పంచె ఎగ్గట్టి మేడ మెట్లెక్కాను. తగువుకి వెళ్ళేవాడు పాటించాల్సిన నియమాలన్నీ పాటించాను. ఆయాసం ఒక్కటే లెక్కలో లేదు. పైకెళ్ళేసరికి మాట రావడానికే రెండు నిమిషాలు పట్టింది.

పైన ఇరవైమంది పిల్లలు సగం కూర్చున్నట్టు మోకాళ్ళు రెండు పక్కలకి మడిచి, చేతులు చాపి, జగన్నాథస్వామి మాదిరిగా నిలబడి ఉన్నారు. ఒడిస్సీలో దాన్ని చౌక అంటారని తరవాత తెలిసింది. వాళ్ళముందు నూలుచీర, కళ్ళద్దాలు, చేతిలో చిన్న కర్రతో యాభై ఏళ్ళావిడ. పిల్లలంతా ఆవిణ్ణి గురుమా అంటారు. ఛత్రపూర్‌లో మన తెలుగు పూజారుల ఇంటి ఆడపడుచు, కటక్ వెళ్ళి నాట్యం నేర్చుకుని వచ్చింది. మూలన మద్దెల ముందు దాసు మాస్టారు. ఆయన ఒడియా ఆయన. తెలుగు మాట్లాడితే అందులో సగం ఒడియా ఉండేది, ఒడియా మాట్లాడితే సగం తెలుగు ఉండేది. మద్దెల మాత్రం పూర్తిగా మద్దెలే.

"ఏటండీ ఈ తొక్కుడు? కింద నా కొట్టులో పళ్ళేలు పడిపోతన్నాయి!" అన్నాను.

"పడిపోతన్నాయా? ఎన్ని పడ్డాయి?"

"నిన్న మూడు."

"మూడేనా?" ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది. "దాసు బాబూ, ఇన్నారా? మూడేనట. మన పిల్లల కాళ్ళు ఇంకా నేలకి అంటనేదన్నమాట."

నేను నోరు తెరిచేలోపే ఆవిడ నామీదికి తిరిగింది.

"మీరు రావడం మంచిదైపోనాది. మీ మీద నాకూ ఒక మాటున్నాది. పొద్దుట మీ కొట్టులో సామాను దించీటప్పుడు బెమ్మాండంగా సప్పుడయ్యేది. ఆ టైముకే కదా నాను క్లాసు పెట్టుకున్నాను! నిన్నట్నుంచి సప్పుడు తగ్గిపోనాది. ఏటి, బేరాల్లేవేటి?"

"సప్పుడుంటే మీకు మంచిదేటండీ?"

"కాదేటి మరి? టేజీ మీద అన్నీ సక్కగా జరుగుతాయేటి? కరెంటు పోతాది, మైకు కూస్తాది, ముందు వరసలో పిల్లడు ఏడుస్తాడు. అయినా ఆట ఆగకూడదు. సప్పుడులో నిలబడ్డోళ్ళే నిలబడ్డట్టు."

"నిలబడ్డం కూడా ఒక ఇద్యేనా?" అన్నాను వెటకారంగా.

"నిలబడ్డమే ఇద్య. మిగతాదంతా దాని మీద కట్టిన మేడ. ఏదీ, ఆ పిల్లల్లాగ ఓ పదినిమిషాలు నిలబడండి. నిలబడ్డారంటే రేపే గది ఖాళీ సేసీసి ఎలిపోతాం."

పదినిమిషాలు! కొట్టులో పొద్దుటినుంచి సాయంత్రందాకా ఉండేవాణ్ణి, పదినిమిషాలొక లెక్కా! కొట్టులో నేను నిలబడను, కూర్చుంటాను అన్న సంగతి ఆ వేడిలో గుర్తు రాలేదు. చౌకలో నిలబడ్డాను. మొదటి అరనిమిషం నేను జగన్నాథస్వామిని. రెండో అరనిమిషంలో తొడలు వేయించిన అప్పడాల్లా వణికాయి. నిమిషం దాటేసరికి మొత్తం మనిషిని వెనక్కి పడ్డాను. కింద నా కొట్టులో నాలుగో పళ్ళెం పడిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

పిల్లలు నవ్వబోయారు. గురుమా కర్ర ఒక్కసారి నేలకి తాటించింది. నవ్వు ఆగిపోయింది. ఆవిడే వచ్చి చెయ్యిచ్చి లేపింది.

"మొదటి రోజు నాను ఇరవై అంకెలు లెక్కెట్టీలోగానే పడిపోనాను. మీరు నయం" అంది.

అది నిజమో, నన్ను లేపడానికి వేసిన తాడో నాకు నేటికీ తెలీదు. ఆ మాట పట్టుకుని లేచినవాణ్ణి మాత్రం ఇంకా కూర్చోలేదు. మర్నాడు పొద్దున్న ఆరింటికి క్లాసులో ఉన్నాను.

"తగువాడుకుని రమ్మంటే సేరిపోయి ఒచ్చీసినారేటండీ!" అని సావిత్రి వారంరోజులు నవ్వింది.

ఆ గదిలో అద్దం లేదు. డాన్సు నేర్పే చోట నిలువెత్తు అద్దాలుండాలని టీవీలో చూసిన జ్ఞానం నాది, అడిగేశాను. "మీరు ఎలా కనిపిస్తన్నారో అద్దం సెప్తాది. ఎలా నిలబడ్డారో మీ కాలే సెప్పాలి. రెండూ ఒకటి కావు" అంది గురుమా. పదకొండు నెలలు నాచేత చౌకే నిలబెట్టింది. ఆ పదకొండు నెలల్లో ఒక్కసారీ కసురుకోలేదు. నా మోకాలి దగ్గర కర్ర ఆనించి, "ఇక్కడ ఇంకొంచెం" అనేది, అంతే. ఆ "ఇంకొంచెం" కోసం నేను బస్తా బియ్యం మోసినంత చెమట కార్చేవాణ్ణి.

దాసు మాస్టారి పాఠం వేరు. మంచి పాకంలో పడి అందరం తాళానికి అడుగులేస్తూంటే, మధ్యలో కావాలని మద్దెల మీద ఒక దెబ్బ తప్పించేవాడు. లేదా మా కొట్టులోదే ఒక స్టీలు పళ్ళేన్ని నేలమీద ఢామ్మని పడేసేవాడు. అన్నిటికంటే ఘోరం, ఉన్నట్టుండి "చా ఆసిలా!" అని అరిచేవాడు. టీ వచ్చిందని. తల తిప్పినవాళ్ళు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. పిల్లలు నెలకోసారి తల తిప్పేవారేమో. నేను రోజూ తిప్పేవాణ్ణి. తలే కాదు, మనిషినే గుమ్మంవైపు తిరిగిపోయి గ్లాసుకోసం చెయ్యి కూడా చాపేవాణ్ణి.

"ఆరే గోపాల్ బాబూ, చా కాదు, తాళం!" అనేవాడు ఆయన.

అద్దం ఉండాల్సిన గోడ మీద ఫొటోలుండేవి. గజ్జెలు కట్టించుకున్న శిష్యులవి, కట్టించుకున్న వరసలోనే. గురుమా లెక్కలో గజ్జెలు కొనుక్కునే వస్తువు కాదు. కాలికి నిలకడ వచ్చిందని ఆవిడకి తోచిన రోజున ఆవిడే కింద కూర్చుని శిష్యుడి కాళ్ళకి కడుతుంది. ఏడాదికి కావచ్చు, అయిదేళ్ళకి కావచ్చు. ఎవరైనా "అయ్యో గురుమా, మీరు నా కాళ్ళు ముట్టుకోడమేటి" అంటే, "ఇయ్యాలదాకా ఈ కాళ్ళు నాయి. ఇప్పుడు నీకిచ్చీస్తన్నాను" అనేది. ఆ రోజు ఫొటో తీసి గోడకి తగిలించేవారు. చివరి ఫొటో పక్కన ఎప్పుడూ ఒక ఖాళీ మేకు కొట్టి ఉండేది, తరవాతి వాళ్ళకోసం.

ఆ మేకు మీద నా కన్ను పడింది. నాశనం అక్కడ మొదలైంది.

నేను చేరి రెండేళ్ళు కావస్తోంది. అప్పటికి గోడమీద చివరి ఫొటో జిల్లీది. పదకొండేళ్ళ పిల్ల, కొడల నుంచి వచ్చేది. అమ్మానాన్నా సూరత్ మిల్లుల్లో పనికెళ్ళారు, తాతగారి దగ్గర పెరుగుతోంది. ఆ తాతగారు అప్పన్న మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు. ప్రతి ఆదివారం మొదటి బస్సుకి మనవరాల్ని తీసుకొచ్చి, క్లాసయ్యేదాకా మెట్లమీద కూర్చుని పేపరు చదువుకునేవారు. ఒక ఆదివారం ఆయన మెట్లెక్కలేక గోడ పట్టుకుని వచ్చి గురుమాతో అన్నారు.

"ఇంక నా వల్ల కాదమ్మా. మోకాళ్ళు అయిపోనాయి. వచ్చే నెల్నుంచి మా జిల్లీ గుంట రాదు."

గురుమా కర్ర గోడకి ఆనించింది. "మీ ఊళ్ళో ఇస్కూలు హాలు ఇప్పించండి మాస్టారూ. ఆదివారం ఆదివారం మేవే ఒస్తాం. ఈ గుంటొక్కతే కాదు, ఇంకో పదిమంది నేర్చుకుంటారు."

"రిటైరైనా హాలు తాళం నా మొలకే ఉన్నాది. ఊరు నన్నడగదేటి, ఈ గెంతులాటకి హాలేటని? నాకే నమ్మకం నేదు, ఆళ్ళకేటి సెప్పను? ఒకసారి మా ఊళ్ళో ఆడి సూపించండి. ఇది సదువులాంటిదే అని నాకు తోస్తే తాళం మీ సేతికిస్తాను. తోచకపోతే గుంట ఇంటికాడే ఉంటాది."

గుమ్మం దగ్గర నిలబడిన జిల్లీ ఇదంతా వింది. ఏడవలేదు. గోడమీద, ఆ నెలలోనే ఎక్కిన తన ఫొటోవైపు ఒకసారి చూసి, వెళ్ళి చౌకలో నిలబడింది. నేనూ గోడవైపే చూశాను. నేను చూసింది ఖాళీ మేకుని. మా ఇద్దరికీ అదీ తేడా.

కొడలలో ప్రదర్శనకి పాత్రలు పంచారు. ముందు చిన్నపిల్లలు, తరవాత జిల్లీ ఒక్కతే. వెనక, పెద్దవాళ్ళం ముగ్గురం.

"గోపాలం బాబూ, మీరు గుడి స్తంభం" అంది గురుమా.

"స్తంభం ఏటి సేస్తాది గురుమా?"

"ఏటీ సెయ్యదు. అదే దాని గొప్ప. ఆకర్న అందరితో పాటు నాలుగడుగులు ముందుకొచ్చి, భూమికి దణ్ణమెట్టాలి. ఇన్నాళ్ళూ తొక్కినందుకు తప్పయిపోనాదని."

నాలుగడుగులు! ఆ నాలుగడుగులూ పట్టుకుని నేను పాత బజారంతా తిరిగాను. కొడలలో నా ప్రదర్శన అన్నాను. మధ్యలో నేను, చుట్టూ పిల్లలు అన్నాను. రెండో రోజుకి నా నాట్యం చూడ్డానికి భువనేశ్వర్ నుంచి మనుషులొస్తున్నారు అన్నాను. ఇంటికొచ్చి సావిత్రితో కూడా అదే అన్నాను. ఆవిడ వంకాయ తరుగుతూ ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"అలాగా? గజ్జెలేవి మరి? గజ్జెల్నేకుండా మెయిన్ డాన్సరేటండీ?"

ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు అంటే అబద్ధం, బాగానే నిద్రపోయాను. కానీ పొద్దున్న లేవగానే కొట్టు వెనక గదిలోకి వెళ్ళాను. అక్కడ బుట్టెడు ఇత్తడి మువ్వలున్నాయి. బెళగుంఠా కంచరి పనివాళ్ళు పోసిన మువ్వలు. మా వైపు గమ్హా పున్నమికి, అంటే శ్రావణ పున్నమికి, పశువుల్ని కడిగి, బొట్లు పెట్టి, మెళ్ళో కొత్త మువ్వలు కడతారు. కొడల చుట్టుపక్కల రైతులకి మువ్వలంటే మా కొట్టే.

నాట్యం గజ్జె చింతగింజంత ఉంటుంది. ఇది నిమ్మకాయంత. నాకది లోపంగా కనపడలేదు. మనిషి సైజుని బట్టే కదా మువ్వ! కాలికి పన్నెండు చొప్పున తోలు పటకాకి గుచ్చాను. చప్పుడు కాకుండా ఒక్కోదాంట్లో గుడ్డపీలిక కుక్కాను. కొడల చేరాక పీలికలు తీసేసి, పొడుగాటి పంచె కింద కట్టుకుని, స్తంభంలా కదలకుండా ఉండి, చివరి నాలుగడుగుల్లో ఘల్లు ఘల్లుమనిపించాలని నా పథకం. జనం నోళ్ళు తెరుస్తారు. గురుమా కళ్ళు చెమరుస్తాయి. ఫొటో తీస్తారు. మేకు నాదవుతుంది.

చదువుతున్నవాళ్ళలో పశువుల్ని కాసినవాళ్ళెవరైనా ఉంటే ఈపాటికి నుదురు కొట్టుకుని ఉంటారు. మిగతావాళ్ళకోసం చెబుతున్నాను. మందలో ముందు నడిచే ఆవుకి మువ్వలు కడతారు. మిగతా పశువులు దారి చూడవు, ఆ మువ్వల చప్పుడు వెంట నడుస్తాయి. కొడల మందకి ముందు నడిచే ఆవు పేరు గౌరి. అది అప్పన్న మాస్టారి ఆవు. దాని మెడలో ఉన్నవి మా కొట్టు మువ్వలే, ఆ బుట్టలోవే. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి. తెలియాల్సిన సంగతులన్నీ నాకు తరవాతే తెలుస్తాయి, అది నా జాతకం.

చలికాలం, సాయంత్రం అయిదు గంటలు. కొడల స్కూలు వరండాయే వేదిక. రెండు మెట్లు, ముందు మైదానం, మైదానం పక్కనుంచి పొలాల దారి. ఊరు సగం వచ్చింది. ముందు వరసలో కుర్చీలో అప్పన్న మాస్టారు, కర్రమీద గడ్డం ఆనించుకుని. ఆయన మొలనున్న తాళంచెవి బయటికి కనిపిస్తూనే ఉంది. రెండో వరసలో సావిత్రి, మెయిన్ డాన్సరు ఎక్కడా అని వెతుకుతూ.

చిన్నపిల్లల ఆట అయింది. జిల్లీ వచ్చింది. దాసు మాస్టారి మద్దెల మెల్లిగా ఎత్తుకుంది. ఆ పిల్ల అడుగు వేస్తే నేల దాన్ని అడిగి పుచ్చుకున్నట్టుండేది. వెనక నేను ఎడమ స్తంభాన్ని, పీలికలు తీసేసి చప్పట్ల మోతలో వచ్చి నిలబడ్డాను. అంతా బ్రహ్మాండంగా ఉంది. ఆ సమయంలో ఒక ఎర్రచీమ నా కాలెక్కింది.

అది మడమ దగ్గర ఆగి ఆలోచించింది. పిక్క దాకా వచ్చింది. మోకాలి వెనక్కి చేరి కుట్టింది. నేను భరించాను. మళ్ళీ కుట్టింది. నా కాలు నన్నడక్కుండా ఒక్కసారి నేలకి తన్నింది.

ఘల్లు!

దూరంగా పొలాల దారిలోంచి ఒక "అంబా" వినిపించింది.

పక్కనున్న గది గుమ్మంలోంచి గురుమా గొంతు వచ్చింది. "ఏటా సప్పుడు?"

"ఏ సప్పుడండీ?" అన్నాను పెదాలు కదపకుండా.

"స్తంభాలు మాటాడవు! కాళ్ళకేటి కట్టీసినారు?"

జవాబు నా బదులు నా మోకాళ్ళు చెప్పాయి. భయానికి వణకడం మొదలెట్టాయి. ఘల్ ఘల్ ఘల్ ఘల్. దారిలోంచి ఈసారి నాలుగు అంబాలు. ఇంకా దగ్గరగా.

"గోపాలం బాబూ, వణక్కండి!"

"వణుకు నా సేతుల్నేదు గురుమా, కాళ్ళలో ఉన్నాది!"

మైదానం పక్కన దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి ముందు గౌరి, దాని వెనక పదిహేడు ఆవులు, నాలుగు ఎద్దులు, లెక్కకి అందని దూడలు. రోజూ ఊళ్ళోకి మళ్ళే మలుపు దగ్గర మళ్ళకుండా, నా కాళ్ళని వెతుక్కుంటూ సూటిగా స్కూల్లోకి వచ్చేశాయి. జనం లేచారు. కుర్చీలు పడ్డాయి. సావిత్రి కుర్చీ మీదికెక్కింది. ఒక దూడ అప్పన్న మాస్టారికి వేసిన బంతిపూల దండ నమలడం మొదలెట్టింది. మైకు ముందు ఒక ఎద్దు నిలబడి అంబా అంటే కొడల మొత్తానికి వినిపించింది.

వేదిక మీదికి ఎక్కబోతున్నాయి. అప్పుడు గురుమా అరిచింది. ఆ అరుపులో బాబూ లేదు, అండీ లేదు.

"గోపాలం! దిగు! దిగి పరిగెట్టు! గుంట ఆట అయ్యీదాకా ఆగితే సంపీస్తాను!"

దూకాను. పరిగెత్తాను. కాళ్ళకి ఇరవై నాలుగు నిమ్మకాయలు, వెనక కొడల పశుసంపద అంతా. నేను ఎడమకి తిరిగితే మంద ఎడమకి, కుడికి తిరిగితే మంద కుడికి. మైదానం చుట్టూ పదకొండు సార్లు తిరిగాను. మూడేనని సావిత్రి అంటుంది. ఆవిడ కుర్చీమీద ఉంది, నేను నేలమీద ఉన్నాను. ఎవరిని నమ్మాలో మీ ఇష్టం.

పరిగెడుతూనే ప్రతి చుట్టులో వేదికవైపు చూశాను. చూసిన ప్రతిసారీ అదే దృశ్యం. జిల్లీ ఆడుతోంది. తల తిప్పలేదు, తాళం తప్పలేదు. గౌరి మాత్రం నా వెనక రాలేదు. రెండు మెట్లూ ఎక్కి, తన ఇంటి పిల్ల పక్కన, ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడి చూస్తోంది. చెవి కూడా కదపలేదు. దాసు మాస్టారి చెయ్యి ఆగలేదు. ఆ రోజు ఆయన "చా ఆసిలా" అని అరవలేదు. అరిచే పని నేను తగ్గించాను.

మద్దెల ఆఖరి దెబ్బ పడింది. జిల్లీ ఆఖరి భంగిమలో శిల్పంలా నిలిచింది. సరిగ్గా ఆ క్షణానికి నా పంచె నా కాలికే చుట్టుకుని, అప్పన్న మాస్టారి పాదాల దగ్గర బోర్లా పడ్డాను. మంద కూడా ఆగింది. 

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు మేకు గుర్తు రాలేదు. మొలనున్న తాళంచెవి ఒక్కటే కనిపించింది. ఆ పిల్ల రెండేళ్ళ ఆదివారాలు నా రెండు కాళ్ళతో తొక్కేశాననిపించింది. లేవకుండానే చేతులు జోడించాను.

"మాస్టారూ, తప్పు నాది. గురుమాది కాదు, గుంటది అసలే కాదు. నన్ను సూసి హాలు ఆపకండి."

ఆయన వంగి నన్ను చూశారు. "నువ్వెవరు బాబూ?"

"స్తంభాన్నండి."

అప్పన్న మాస్టారు నవ్వలేదు. ఊరంతా నవ్వింది, ఆయన మాత్రం కర్ర ఊతతో లేచి, గురుమా దగ్గరకి నడిచారు.

"ముప్పయ్యేళ్ళు పాఠం సెప్పానమ్మా. కిటికీలో కాకి వాలితే సాలు, క్లాసంతా అటే తిరిగిపోయీది. ఇయ్యాల ఊరి మందంతా మీదకొచ్చినా ఈ గుంట కన్ను తిప్పనేదు. నాను ముప్పయ్యేళ్ళలో నేర్పనేనిది మీరు రెండేళ్ళలో ఎలా నేర్పినారు?"

"కింద గిన్నెల కొట్టున్నాది మాస్టారూ. సప్పుడు సానా మంచిది" అంది గురుమా.

ఆయన మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఆవిడ చేతిలో పెట్టారు. జిల్లీ అప్పటిదాకా ఆ భంగిమ వదల్లేదు. తాళంచెవి చేతులు మారడం చూశాక గౌరి మెడ కావిలించుకుని ఏడ్చింది.

ఆ తరవాత గురుమా నా వైపు తిరిగింది. "ఇప్పండి" అంది.

విప్పాను. ఆవిడ ఆ మువ్వలు చేతిలో తూచి చూసి, వేదికెక్కి, గౌరి ముందు కూర్చుంది.

"నిలకడొచ్చినోళ్ళకి కడతాననీసి మాటిచ్చినాను. ఇయ్యాల ఇంతమందిలో నాలుగు కాళ్ళమీదా కదలకుండా నిలబడ్డాది ఇదొక్కతే" అంటూ, పటకాలు రెండూ ముడివేసి దాని మెళ్ళో కట్టింది. దాసు మాస్టారు ఫోను తీసి ఫొటో కొట్టారు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో చివరి సీటులో కూర్చున్నాను. నన్ను స్కూల్లోంచి తీసేస్తారని ఖాయం చేసుకున్నాను. బరంపురం దీపాలు కనిపించాక గురుమా వెనక్కి తిరగకుండా అంది.

"రేపు ఆరింటికి వచ్చీండి. సీమ కుడితే ఎలా నిలబడాలో మీకు నాను సెప్పనేదు. అది నా తప్పు."

మా కొట్టులో పళ్ళెంతో సమానమైన మనిషిని నేను. పడితే మోత తప్ప ఇంకేం లేదు. అలాంటివాణ్ణి తిట్టకుండా, తీసెయ్యకుండా, నా తప్పుని తన పాఠంలో లోటుగా రాసుకున్న మనిషి ఆవిడ. ఆ రాత్రి చీకట్లో నాకు కళ్ళు చెమర్చాయి. చెమరుస్తాయనుకున్నవి ఆవిడ కళ్ళు కదా, మరి!

కొడల హాల్లో ఇప్పుడు ఆదివారం క్లాసు జిల్లీయే నడుపుతోంది. అక్కడా అద్దం లేదు. సొట్టలు పడ్డ స్టీలు పళ్ళేలు ఓ డజను ఉన్నాయి, పడెయ్యడానికి. అవి నేనిచ్చినవే. నేను చేరిన నాలుగో ఏట గజ్జెలు కట్టించుకున్నాను. గురుమా కింద కూర్చుని, నా లావుపాటి చీలమండలకి చింతగింజంత గజ్జెలు ఓపిగ్గా కడుతూ, "ఇయ్యాలదాకా ఈ కాళ్ళు నాయి" అంటే, నాకు తిరిగి ఇవ్వొద్దు, మీ దగ్గరే ఉంచుకోండి గురుమా అనాలనిపించింది.

నా ఫొటో గోడకెక్కింది. మీరు బరంపురం వస్తే మేడెక్కి చూడండి, వరస తప్పకుండా ఉంటుంది. జిల్లీ ఫొటో, దాని పక్కన నేను కన్నేసిన ఆ మేకుకి గౌరి ఫొటో, మెళ్ళో నా మువ్వలతో. ఆ తరవాత నేను. కొత్తగా చేరిన పిల్లలకి దాసు మాస్టారు ఇప్పటికీ మమ్మల్ని అలాగే పరిచయం చేస్తారు.

"ఇది గౌరి, సీనియర్. ఇతను గోపాల్ బాబు, జూనియర్."

అందుచేత, ఆ గోడ సాక్షిగా, నాలుగడుగులూ వేసి నేలకి దణ్ణం పెట్టి ప్రతిజ్ఞ చేస్తున్నాను. గురువు కట్టని గజ్జె ఈ జన్మలో నా కాలికి తగలదు. వచ్చే జన్మలో ఆవుగా పుడితే మాత్రం ఈ ప్రతిజ్ఞ చెల్లదు. అప్పుడు సీనియర్ని నేనే.